తలుపు లేని కమిటీ హాలు

గుమ్మలపేటలో తెలివి అవసరానికి మించి ఉన్నవాళ్ళు నలుగురు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, ఆ నలుగురే అన్నారు. ఆ సంగతి కనిపెట్టేంత తెలివి ఇంకెవరికుంది గనక.

వాళ్ళలో పెద్ద అసిరినాయుడు. ఎండలో నిలబడితే వేడి, నీడలో నిలబడితే చల్లన అని, ఎవరూ చెప్పకుండా, నలభై ఏళ్ళు నిండేలోపే తెలుసుకున్న మనిషి. ఆయన తర్వాత జోగారావు, వరసకి బావమరిది. కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు గనక ఏ విషయాన్నయినా పైనుంచి చూడగలనంటాడు. మూడో మనిషి సూరమ్మప్ప. ఇడ్లీలు అమ్ముతుంది. ఇడ్లీ ఉడికిందో లేదో తేలాలంటే తిని చూడాలని, అమ్మడానికి ఏమీ మిగలకపోయినా అన్నీ ఉడికాయన్న ధైర్యం మిగులుతుందని ఆవిడ సిద్ధాంతం. నాలుగోవాడు గవిరేసు, తాపీ మేస్త్రీ. కట్టమంటే కడతాడు, పడగొట్టమంటే పడగొడతాడు, ఎందుకని మాత్రం అడగడు. అడిగితే పని ఆగిపోతుందని వాడికి అనుభవం.

గుమ్మలపేట ఈమధ్యే నగరమయింది. బోర్డు మారింది, చింతలవీధికి నీళ్ళ పైపు మాత్రం రాలేదు. నగరమన్నాక పచ్చటి కట్టడాలుండాలి, నీటి పొదుపుండాలి, ఈ రెండిటికీ రూళ్ళుండాలి, రూళ్ళు రాయడానికో కమిటీ ఉండాలి అన్నారు పెద్దలు. మిగతా జనానికి పనులున్నాయి. ఇంకేముంది, ఈ నలుగురూ కమిటీ అయిపోయారు. అసిరినాయుడు ప్రెసిడెంటు. ఆయన ఇంటికి ఎదురుగా, చింతలవీధిలోనే ఉన్న పాత వేరుశెనగ గోదాం కమిటీ హాలు. కిటికీలు లేవు. ఒక తలుపు, నాలుగు గోడలు, పైన పెంకులు.

ప్రెసిడెంటు అయిన రోజున అసిరినాయుడు మెడలో దండతో ఇంటికొచ్చాడు. ఆయన భార్య పైడమ్మ నీళ్ళ బిందె దించి మోకాళ్ళు రుద్దుకుంటోంది.

"పన్నెండేళ్ళ నుంచి నీళ్ళకి ఫైరాఫీసు దాకా నడుస్తన్నాను" అంది. "పోడానికి మూడు వీధులు, రాడానికి మూడు వీధులు. నా మోకాళ్ళు నన్ను తిడతన్నాయి, నేను నిన్ను తిడతన్నాను. ఈసారి మన వీధికి పైపు రాలేదో, కావిడి నీ భుజానికెక్కుతాది. చెప్పీసేను."

"పైపు రాక ఎక్కడికి పోతాది పైడమ్మా. కమిటీ ప్రెసిడెంటు ఎవరనుకున్నావు?"

"అదే నా భయం" అంది పైడమ్మ.

సోమవారం మునిసిపాలిటీ ఇంజనీరు శేషుకుమారి గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అయిదు సలహాలు పంపుతున్నాననీ, వాటిని బట్టి రూళ్ళ పుస్తకం తయారు చేయమనీ, శనివారం పదింటికి వచ్చి చూస్తాననీ, పుస్తకం బాగుంటే మొదటి పైపు చింతలవీధికేననీ అందులో ఉంది. అసిరినాయుడు ఉత్తరం మడిచి గుండెకాయ దగ్గర జేబులో పెట్టుకున్నాడు. తీసి మళ్ళీ చదివాడు. మోకాళ్ళ గురించి అందులో ఏమీ లేకపోయినా, ఆయనకి ప్రతి లైనులోనూ పైడమ్మ మోకాళ్ళే కనిపించాయి.

కమిటీకి ఒక పద్ధతి ఉంది. తమ మీద వేసుకోని రూలు ఊరి మీద వేయరు. ఏ రూలైనా ముందు కమిటీ హాల్లో చేసి చూడాలి, చూశాక పుస్తకంలో "చేశాం. అయింది" అని రాయాలి. ఎంత న్యాయమైన పద్ధతో చూడండి. కొంపలు ముంచింది కూడా అదే.

మొదటి సలహా: నీళ్ళు వాడుకున్న వెంటనే కొళాయి కట్టేసే అలవాటు చేసుకోవాలి.

హాల్లో ఒక నీళ్ళ డ్రమ్ము, దానికో బుల్లి కొళాయి ఉన్నాయి. డ్రమ్ములో నీళ్ళు పైడమ్మ మోసి పోసినవే. నలుగురూ కొళాయి చుట్టూ నిలబడ్డారు.

"ఇది కట్టేసే ఉంది బావా" అన్నాడు జోగారావు. "కట్టేసి ఉన్నదాన్ని ఎలా కట్టేస్తాం?"

"తెరిచి కట్టేద్దాం" అన్నాడు అసిరినాయుడు.

తెరిచి కట్టేశారు.

"ఒకసారి కట్టేస్తే అలవాటయిపోతాదేటి?" అంది సూరమ్మప్ప. "నాకు నశ్యం అలవాటవడానికి నెల్లాళ్ళు పట్టింది. రోజుకి పదిసార్లు, నెలకి మూడొందలు."

ఇంకేముంది, మూడొందల సార్లు అని తీర్మానం చేశారు. అసిరినాయుడు తెరిచాడు, జోగారావు కట్టేశాడు. జోగారావు తెరిచాడు, సూరమ్మప్ప కట్టేసింది. నూట తొంభై దగ్గర డ్రమ్ము ఖాళీ అయింది. గవిరేసు మిగతా నూట పదీ ఉత్త కొళాయి మీదే చేసి చెయ్యి వాచగొట్టుకున్నాడు. అప్పుడే పైడమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. గచ్చంతా తడి, డ్రమ్ము పొడి.

"నీళ్ళేవి?"

"నీళ్ళు పోయాయి గానీ" అన్నాడు అసిరినాయుడు తృప్తిగా, "అలవాటు వచ్చేసింది."

పైడమ్మ గోడకి ఆనించిన కావిడి బద్ద వంక చూసింది, మొగుడి భుజం వంక చూసింది, వెళ్ళిపోయింది. అసిరినాయుడికి ఆ భుజం అక్కడే చురుక్కుమంది. "తొరగా రాయండర్రా, అయిందని" అన్నాడు.

రెండో సలహా: పగలు దీపం వెయ్యక్కర్లేకుండా గదిలోకి వెలుతురు రావాలి.

మంగళవారం పొద్దున్నే దీపం ఆర్పేశారు. గోదాంలో చీకటి. ఎవరి ముక్కు ఎవరిదో తెలియలేదు. జోగారావు విషయాన్ని పైనుంచి చూసి, "వెలుతురు పైన ఉంది, మధ్యలో పెంకులున్నాయి" అన్నాడు. గవిరేసు ఎక్కి ఒక పెంకు తీశాడు. బల్ల మీద అరచేయంత ఎండ పడింది. సూరమ్మప్ప వెళ్ళి అందులో కూర్చుంది.

"నీకే వస్తే చాలదు కదప్పా, మేమూ కమిటీయే" అన్నాడు జోగారావు. అంతే, మనిషికో పెంకు లెక్కన ఇంకో మూడు తీయించారు. నలుగురూ తలా ఒక ఎండముక్కలో కూర్చున్నారు. అరగంటకి ఎండముక్కలు పక్కకి జరిగాయి. వీళ్ళూ కుర్చీలు జరుపుకున్నారు. ఇంకో అరగంటకి ముక్కలు గోడెక్కాయి. కుర్చీలు గోడెక్కలేదు.

"వెలుతురు పారిపోతంది మావా" అన్నాడు గవిరేసు పైనుంచి.

"దాని వెనకే వెళ్ళరా" అన్నాడు అసిరినాయుడు.

సూర్యుడు ఎటు జరిగితే గవిరేసు అటు జరిగాడు. తూర్పు నుంచి పడమర దాకా పెంకులు తీసుకుంటూ పోయాడు. తీసిన పెంకులు పగలకుండా ఒక్కొక్కటే అందుకుని గోదాం లోపలే మూలన పేర్చారు. సాయంత్రానికి హాల్లో బ్రహ్మాండమైన వెలుతురు, పైన బ్రహ్మాండమైన ఆకాశం. చేశాం, అయింది.

మూడో సలహా: కొత్త గోడ కట్టేటప్పుడు పాత ఇటుకలే వాడాలి.

బుధవారం అసిరినాయుడు గోదాం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "కొత్త గోడ కట్టాలి, మరి పాత ఇటుకలెక్కడున్నాయి?"

"పాత గోడలో ఉన్నాయి" అన్నాడు గవిరేసు. జన్మలో వాడు సొంతంగా చెప్పిన మొదటి మాట అది. అందరూ భుజం తట్టారు. వాడు సిగ్గుపడి వీధివైపు గోడ మధ్యాహ్నంలోగా పడగొట్టేశాడు.

గురువారమంతా అవే ఇటుకలతో, అదే చోట, అదే గోడ కట్టాడు. తలుపు దాకా వచ్చేసరికి ఆగిపోయాడు. "మావా, తలుపు కర్రది. ఉత్తరంలో ఇటుకలన్నారు."

అసిరినాయుడు ఉత్తరం తీసి చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. తలుపన్న మాట ఎక్కడా లేదు. "రాయని పని చెయ్యకూడదురా. పైపు తప్పిపోతాది. ఇటుకలే పెట్టు."

వాకిలి నిండడానికి ఇటుకలు చాలక అరుగు పగలగొట్టి అవీ పెట్టారు. పని ఎంత బాగా వచ్చిందంటే, గవిరేసు పొంగిపోయి, లోపల నాలుగు గోడలకీ గచ్చుకీ కూడా సిమెంటు పూసి అద్దంలా నున్నగా చేశాడు. అప్పుడు చూసుకున్నారు, నలుగురూ లోపలే ఉన్నారని. పైకప్పు తీసిన తెలివికి ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుని, నిచ్చెనేసుకుని గోడ మీదికెక్కి, నిచ్చెన అటు వేసుకుని వీధిలోకి దిగారు. జోగారావు పైనుంచి చూసి, "కప్పుంటే ఏమైపోయేవాళ్ళం బావా" అన్నాడు. ఆ మాటకి అందరికీ ఒళ్ళు జలదరించింది.

నాలుగో సలహా దగ్గర బండి ఆగింది. మీ ఆవరణలో పడ్డ వాన మీ ఆవరణ దాటకూడదు.

వాన పడితే కదా దాటడానికి. శుక్రవారం రోజంతా నలుగురూ హాల్లో కూర్చుని ఆకాశం చూశారు. మెడలు పట్టేశాయి. మబ్బు తునక లేదు. రేపే ఇంజనీరమ్మ వస్తుంది. పుస్తకంలో మూడే అయినాయి. అసిరినాయుడికి అన్నం సహించలేదు. పైడమ్మ మూడు వీధులూ నడిచొచ్చి వడ్డించిన అన్నం. "తినవేటి?" అంది. "వాన రావాలి" అన్నాడు. "వస్తే నీళ్ళు పట్టుకుందును" అంది ఆవిడ. ఇద్దరూ ఒకే వానని కోరుకున్నారు, కారణాలే వేరు.

శనివారం తెల్లారగానే ఫెళ్ళున వాన. అంతే, నలుగురూ గోడ దూకి లోపలికి దిగారు. నీళ్ళు బయటికి పోయే తూములో సిమెంటు కూరారు. గోదాంకి ఆనుకుని రైసుమిల్లు డాబా ఉంది. దాని నీళ్ళన్నీ ఎప్పుడూ గోదాం పెంకుల మీద పడి వీధిలోకి జారిపోయేవి. ఇప్పుడు పెంకులు లేవు. ఇంకేముంది, మిల్లు డాబా మీది వానంతా హాల్లోకే. చీలమండలు మునిగాయి. మోకాళ్ళు మునిగాయి. నడుములు మునిగాయి. సూరమ్మప్ప బల్లెక్కి కూర్చుంటే బల్ల తేలింది.

వాన వెలిసాక అవతల్నుంచి పైడమ్మ గొంతు వినబడింది. "ఏటయ్యా, ఉన్నావా?"

"ఉన్నాను. రూలు నడుస్తంది."

"ఎంతదాకా నడిచింది?"

"నడుం దాకా."

"పైకి రావొచ్చు కదా."

"ఎలా వస్తానే? నా పంచెలో ఎన్ని నీళ్ళున్నాయో చూశావా? నేను గోడ దాటితే అవీ దాటుతాయి. ఇంజనీరమ్మకి ఏం చెప్పమంటావు?"

పైడమ్మ నిచ్చెనేసుకుని ఎక్కి, తాడు కట్టిన బకెట్టు లోపలికి జారవిడిచింది. పైకి లాగితే తేటగా, చల్లగా నీళ్ళు. పన్నెండేళ్ళలో మొదటిసారి తన గుమ్మానికి పది అడుగుల దూరంలో నీళ్ళు. ఆవిడ గోడ మీద కూర్చుని ఆ బకెట్టు వంక కాసేపలా చూస్తూ ఉండిపోయింది.

"పైడమ్మా, అవి ఆవరణ దాటకూడదు" అన్నాడు అసిరినాయుడు కిందనుంచి.

"నా మోకాళ్ళు కూడా ఈ వీధి దాటకూడదు" అంది పైడమ్మ. రెండు బిందెలు నింపుకుని దిగిపోయింది. ప్రెసిడెంటు అటు తిరిగి నిలబడ్డాడు. చూడని నీళ్ళు దాటినట్టు కాదని ఆయన లెక్క.

పదింటికి శేషుకుమారి గారు వచ్చారు. తలుపు కోసం గోదాం చుట్టూ తిరిగారు. వీధి జనం నిచ్చెన చూపించారు. ఎక్కి తొంగి చూస్తే, లోపల నలుగురు నడుం లోతు నీళ్ళలో నిలబడి నమస్కారం పెట్టారు. పుస్తకం తడవకుండా అసిరినాయుడు నెత్తిన పెట్టుకున్నాడు.

"నాలుగు చేశామండి. అయ్యాయండి" అన్నాడు.

"తలుపేదండీ?" అని అడిగారావిడ.

"మీరు రాయలేదండి."

"కప్పు?"

"వెలుతురికి అడ్డొచ్చిందండి."

ఆవిడకి నవ్వాగక కళ్ళద్దాలు జారి నీళ్ళలో పడ్డాయి. గవిరేసు మునిగి తెచ్చాడు. అద్దాలు తుడుచుకుని ఆవిడ మళ్ళీ చూశారు. ఈసారి గోడల్ని చూశారు. బయట తడిమితే, వాన తడి అప్పుడే ఆరిపోయి పొడిగా ఉన్నాయి. ఇన్ని నీళ్ళుంటే ఎక్కడా చెమ్మ లేదు.

"నా సర్వీసులో ఇంత గట్టి నీళ్ళ తొట్టి చూడలేదు" అన్నారు. "మీరు దీన్ని ఆఫీసనుకుంటున్నారు గానీ, ఇది వీధికంతటికీ రెండు నెలలు సరిపోతుంది. పెద్ద పైపు మీ వీధి మలుపులోనే ఉంది. అక్కణ్ణుంచి ఇరవై అడుగులు తవ్వితే చాలు. ఆ అయిదోది కూడా ఉత్తరంలో ఉన్నట్టే చేసి, సోమవారం పుస్తకం పంపండి. పైపు మీదే."

అసిరినాయుడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి కూడా ఆవరణలోనే రాల్చాడు.

ఆవిడ వెళ్ళాక, నలుగురూ గోడెక్కి బట్టలు లోపలికే పిండేసి, ఆవలకి దిగి, అయిదో సలహా చదివారు. దాచిన నీటిని మూతా తాళం ఉన్నచోట భద్రంగా ఉంచాలి.

"మన హాలుకి మూత లేదు" అన్నాడు జోగారావు.

"పెంకులున్నాయి కదా?"

"అవి నీళ్ళ అడుగునున్నాయి. పెంకులు తియ్యాలంటే నీళ్ళు తియ్యాలి. నీళ్ళు తీసేశాక మూత దేనికి బావా?"

అందరూ ఒప్పుకున్నారు. తాళం పెడదామంటే తలుపు లేదు. ఊళ్ళో మూతా తాళం రెండూ ఉన్న నీళ్ళు ఎక్కడున్నాయని నలుగురూ బుర్రలు గోక్కున్నారు. సూరమ్మప్పకి తట్టింది. "ఫైరాఫీసు తొట్టి. ఇనప మూత, ఇంత తాళం."

ఇంకేముంది, హాల్లో నీళ్ళు మోసుకెళ్ళి ఫైరాఫీసు తొట్టిలో పొయ్యాలని తీర్మానం. ఆదివారం పొద్దున్నే పని మొదలు. జోగారావు గోడ మీద కూర్చుని తోడి నింపుతాడు. గవిరేసు కావిడితో మోస్తాడు. సూరమ్మప్ప ఫైరాఫీసులో తాళంచెవి అడిగి పుచ్చుకుని, ప్రతి కావిడికీ తీస్తుంది, వేస్తుంది.

పైడమ్మ బకెట్టుతో వస్తే జోగారావు నిచ్చెన పైకి లాగేశాడు. "ముట్టుకోకప్పా. ఇవి భద్రంలోకి వెళ్ళే నీళ్ళు."

ఆవిడ తిన్నగా ఇంటికెళ్ళింది. రెండో కావిడి తెచ్చి మొగుడి భుజాన పెట్టింది. "ఇంట్లో చుక్క లేదు. నువ్వు దాచిన చోటినుంచి నువ్వే తే."

మాటన్నాక మాటే. అసిరినాయుడు ఫైరాఫీసుకెళ్ళాడు. సూరమ్మప్ప తాళం తీసింది. కావిడి నింపుకుని బయల్దేరాడు. సగం దారిలో, సోడాబండి దగ్గర, ఎదురుగా గవిరేసు. వాడు నిండు కావిడితో అటు, ఈయన నిండు కావిడితో ఇటు. ఇద్దరూ ఆగి దించారు.

"నీది తేలిగ్గా ఉన్నట్టుందిరా" అన్నాడు అసిరినాయుడు భుజం రుద్దుకుంటూ.

"నీదే తేలిక మావా. నాది చూడు, బద్ద ఎలా ఒంగిపోయిందో."

"అయితే మార్చుకుందాం. కాసేపు ఇద్దరికీ సుఖం."

మార్చుకున్నారు. గవిరేసు అసిరినాయుడి కావిడి ఎత్తుకుని ఫైరాఫీసుకి, అసిరినాయుడు గవిరేసు కావిడి ఎత్తుకుని ఇంటికి. ఫైరాఫీసు నీళ్ళు ఫైరాఫీసులో పడ్డాయి. సూరమ్మప్ప భద్రంగా తాళం వేసింది. హాలు నీళ్ళు చింతలవీధికి వచ్చేశాయి. తర్వాతి కావిడికీ అంతే. సాయంత్రం దాకా సోడాబండి దగ్గర పదహారుసార్లు మార్చుకున్నారు. ఇంట్లో రెండు తొట్లు, కడవలు, గంగాళం నిండిపోయాక, మిగిలిన నీళ్ళు అసిరినాయుడు జోగారావు చేత గోడ మీదుగా మళ్ళీ హాల్లోకే ఒంపించాడు. ఫైరాఫీసు తొట్టిలో గీత కిందికీ పైకీ కదల్లేదు. సూరమ్మప్ప పుస్తకంలో రాసింది: అయిదోది చేశాం. అయింది. చుక్క వృథా కాలేదు.

పైడమ్మ గ్లాసుతో ముంచుకుని తాగి ఆగింది. ఇంకో గ్లాసు తాగింది.

"ఇవి ఫైరాఫీసు నీళ్ళేనా?"

"నా భుజాన్నడుగు."

"పన్నెండేళ్ళు తాగేనయ్యా ఆ నీళ్ళు, ఒకటే తుప్పు కంపు. ఇవేటి, వాన నీళ్ళలా తియ్యగా ఉన్నాయి?"

అసిరినాయుడు కూడా తాగాడు. నిజమే. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచన మొదలెడితే ఏదో ఒకటి కనిపెట్టకుండా లేవడు.

"ఇన్నాళ్ళూ నువ్వు తిన్నగా తెచ్చేవు పైడమ్మా" అన్నాడు. "సగం దారిలో ఆపి, దించి, మార్చలేదు. రుచంతా అక్కడే ఉంది."

సోమవారం పుస్తకం వెళ్ళింది. బుధవారానికల్లా పైపు మంజూరయిందని శేషుకుమారి గారి దగ్గర్నుంచి జాబొచ్చింది. వీధి మలుపు నుంచి అసిరినాయుడి గుమ్మానికి తిన్నగా ఇరవై అడుగులు. తవ్వే మనుషులు గునపాలతో వచ్చేశారు. కమిటీ నలుగురూ వాళ్ళకి అడ్డంగా కూర్చుని అర్జీ రాశారు. తిన్నగా వేస్తే నీళ్ళ రుచి పోతుంది గనక, పైపుని ముందు సోడాబండి దాకా తీసుకెళ్ళి, అక్కడ కాసేపు ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి చింతలవీధికి తీసుకురావలసిందని.

పైడమ్మ చదివించుకుని వింది. అసిరినాయుడు కొంచెం భయపడుతూనే చూశాడు ఆవిడ వంక.

"ఎంత దూరం తిరిగొస్తే మాత్రమేటి" అంది పైడమ్మ, వేలిముద్రకి సిరా అద్దుకుంటూ. "పైపుకి మోకాళ్ళు లేవు కదా."